బంగాళాఖాతంలో ప్రహరీ గోడ

సముద్రానికి కూడా ఈశాన్యం ఉంటుందన్న సంగతి మానవజాతికి చాలా ఆలస్యంగా, అదీ సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో, ఒక మిఠాయి దుకాణం మీది రెండో అంతస్తులో తెలిసింది.

ఆ అంతస్తులో ఉన్నది అగాధజల సహజవాయు అన్వేషణ సంస్థ వారి ప్రమాద అంచనా విభాగం. తీరానికి ఇంత దూరాన సముద్రపు ఆఫీసు ఎందుకని అడగకూడదు. సముద్రం పక్కన కూర్చుంటే సముద్రం గురించి నిష్పక్షపాతంగా ఆలోచించలేమని పూర్వపు డైరెక్టరు గారు తేల్చారు. (ఆయన సొంతిల్లు కూడా కార్ఖానాలోనే.)

వసుధ అక్కడ సీనియర్ జియోఫిజిసిస్టు. పేరుకు పెద్ద ఉద్యోగమే గానీ, పని చెప్పడం తేలిక. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి, చప్పుడు విని, పగులుందో లేదో చూసుకుంటారు కదా. ఓడలవాళ్లు సముద్రాన్ని అలాగే కొడతారు. నీళ్లలో గాలి తుపాకులు పేల్చి, అడుగునున్న రాతి పొరల్ని తాకి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్ని రికార్డు చేస్తారు. దాన్నే సీస్మిక్ డేటా అంటారు. ఆ ప్రతిధ్వనుల్ని బొమ్మలుగా మార్చి, గ్యాసు ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ తవ్వితే కొంప మునుగుతుందో వసుధ చెబుతుంది. ఆమె చెప్పాక ఏం చేయాలో కమిటీ చెబుతుంది.

ఈసారి వచ్చిన బ్లాకును, అంటే సర్కారు తవ్వుకోమని గీసిచ్చిన సముద్రపు ముక్కను, నెలల తరబడి చూసి ఆమె రెండు విషయాలు తేల్చింది. నైరుతి మూల, బాగా లోతున, మంచి గ్యాసు ఉండే అవకాశం ఉంది. ఈశాన్య మూలలో మాత్రం, సముద్రపు అడుగుకు కాస్త కిందనే, ఒత్తిడితో బిగుసుకున్న గ్యాసు సంచి ఒకటి ఉంది. దాన్ని పొడవడమంటే ఆవిరి దిగని కుక్కరు మూత తీయడమే. తేడా అల్లా, ఆ మూత మీద ఓడ ఉంటుంది. ఓడ మీద మనుషులుంటారు. వాళ్లలో పక్క బల్ల మీది హుజైఫా ఒకడు. డ్రిల్లింగ్ ఇంజినీరు. మధ్యాహ్నం తన డబ్బాలో ఖట్టీ దాల్ ఉంటే, అడగకుండానే వసుధ అన్నం మీద ఒక గరిటె వేసే మనిషి.

కమిటీ కూర్చుంది. ఛైర్మన్ విజయేందర్ గారు మ్యాపును కళ్లజోడు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూశారు.

"ఏందమ్మా వసుధా, బోరు నైరుతిల పెట్టినవ్?"

"గ్యాసు అక్కడుంది సార్."

"ఉంటే ఉండనీ. నైరుతిల ఎవడన్న గొయ్యి తవ్వుతడా? మీ ఇంట్ల తవ్వుతరా? బోరంటే ఈశాన్యం. చిన్నపిల్లగాన్ని అడిగినా చెప్తడు."

"ఈశాన్యంలో గ్యాసు సంచి ఉంది సార్. పేలుతుంది."

"గ్యాసు కోసమే కదమ్మా మనం పోయేది?"

వసుధ వివరించింది. కమిటీ శ్రద్ధగా విన్నది. అయితే అంచనా పట్టికలో రాతికి కొన్ని మార్కులు, ఒత్తిడికి కొన్ని మార్కులు ఉండగా, చివరి గడి 'ఇతరములు'కు సగం మార్కులున్నాయి. (అందులో ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి, అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదేనని నిబంధన.) విజయేందర్ గారు ఆ గడిలో 'వాస్తు' అని రాసి, నిపుణుడి కోసం తిరుమలగిరికి కారు పంపారు.

వచ్చినాయన పేరు బ్రహ్మచారి. కంటోన్మెంటులో సగం ఇళ్లకు దర్వాజాలు నిలబెట్టిన చెయ్యి. ఆయన్ని అక్కడికక్కడే దిశాత్మక ప్రమాదాల సలహాదారుగా నియమించారు.

"ప్లాటు ఏ మొకం?" అన్నాడాయన.

"బ్లాకండీ. చుట్టూ నీళ్లే," అంది వసుధ.

"నీళ్లు నాలుగు దిక్కులుంటే ఇంకా పరేషాన్. వీధిపోటు గిట్ల ఉన్నదా?"

"ఓడలు పోయే తొవ్వ ఒకటి సీదా వచ్చి తాకుతది," అన్నాడు హుజైఫా, ముఖంలో ఏ భావమూ లేకుండా.

బ్రహ్మచారి నిట్టూర్చి మ్యాపు మీద ఎర్ర గీత గీశాడు. "అది సూసుకుందాం. నైరుతిల గొయ్యి మాత్రం వద్దు సార్. యజమానికి కీడు."

"యజమాని సర్కారు కదా?" అన్నారు విజయేందర్ గారు ధైర్యంగా.

"కాయితం మీద దస్కతు ఎవరిదైతే ఆళ్లే యజమాని."

విజయేందర్ గారి పెన్ను మూత దానంతటదే మూసుకుంది. తవ్వకం ఈశాన్యానికి మారింది. గ్యాసు నైరుతిలో ఉండిపోవడం విచారకరమని కమిటీ తీర్మానించింది.

బయటికొచ్చాక హుజైఫా అడిగాడు. "మేడం, నేను జెర ఈత నేర్చుకోవాల్నా?"

వసుధకు నవ్వు రాలేదు. వాడు నవ్వుతూనే అడిగాడు గానీ, అదీ నవ్వు కాదు.

మారేడ్‌పల్లిలో ఇంటికి చేరాక చపాతీలు కాలుస్తుంటే అత్తగారు విమలమ్మ పక్కకొచ్చి నిలబడింది.

"ఏందే, మొకం గట్ల వేసుకున్నవ్?"

వసుధ చెప్పింది. విమలమ్మ సీస్మిక్ డేటా అంతటినీ ఒక్క చేత్తో పక్కకు తోసేసింది.

"గీ దానికి ఇంత తక్లీఫ్ ఎందుకు? మన బోరు సుత నైరుతిలనే పడ్డది కద. అప్పుడు గా బ్రహ్మచారే వచ్చి నడుమల చిన్న గోడ పెట్టిచ్చిండు. గోడ అవతల వేరే ప్లాటు లెక్క. గా ప్లాటుకు బోరు ఈశాన్యమైంది. నీళ్లు మస్తు వస్తున్నయ్."

భూభౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన వసుధ పెనం మీది చపాతీని మరిచిపోయింది. అది మాడింది.

మర్నాడు ఆమె కమిటీ ముందు నిలబడి, అడుగు దాకా కిలోమీటరున్నర నీళ్లున్న బంగాళాఖాతంలో ప్రహరీ గోడ ప్రతిపాదించింది. గోడ కడితే నైరుతి ముక్క వేరే ప్లాటవుతుంది. ఆ ప్లాటుకు తను చెప్పిన చోటు అచ్చంగా ఈశాన్యం. బ్రహ్మచారి వేళ్ల మీద దిక్కులు లెక్కపెట్టుకుని, "పక్కా," అన్నాడు. తన విద్య ఇంత దూరం పోతుందని ఆయనా అనుకోలేదు.

విజయేందర్ గారి ముఖం వికసించింది. "ఇన్నేండ్ల నుంచి నీ రిపోర్టుల్ల ఇట్లాంటి టెక్నికల్ పాయింట్ ఒక్కటి లేదమ్మా!"

మ్యాపు మీద గోడను వసుధే మందపాటి ఇటుక రంగు గీతతో గీసింది. గేటు ఎటువైపన్న చర్చ మధ్యాహ్నం దాకా నడిచింది. "చేపలకు తక్లీఫ్ అయితది సార్," అని హుజైఫా గుర్తు చేస్తే, చిన్న గేటు కూడా మంజూరైంది. 'ఇతరములు' గడిలో ప్రమాదం 'తీవ్రం' నుంచి 'లేదు'కు దిగింది. ఛైర్మన్ గారు సంతకం చేశారు. ఓడ కదిలింది.

కొన్నాళ్లకు ఓడ నుంచి ఫోను వచ్చింది. "మేడం, గ్యాస్ తగిలింది! మీరు చెప్పిన లోతుల్నే!" హుజైఫా గొంతు వెనక ఎవరో ఈలలు వేస్తున్నారు. వసుధ ఫోను పెట్టేసి, ఎవరూ లేని మెట్ల మీద కాసేపు కూర్చుంది.

విజయానికి కారణాలపై సంస్థ నివేదిక వెలువడింది. ప్రధాన కారణం గోడ. సీస్మిక్ డేటా గోడతో విభేదించలేదని కూడా అందులో ఉదారంగా ఒక వాక్యం ఉంది. (గోడ పని సగం పూర్తయిందని ప్రగతి పట్టికలో వేరుగా ఉంది. ఎవరు కడుతున్నారో తెలియరాలేదు.)

ఆ ఊపులో కమిటీ రెండో బావి మంజూరు చేసింది. ఈశాన్య మూలలో. అక్కడైతే గోడ ఖర్చు కూడా లేదు.

"సార్, అక్కడ గ్యాసు సంచి ఉంది. ఓడ మునుగుతుంది," అంది వసుధ.

విజయేందర్ గారు బాధపడ్డారు. "మొన్న గోడ పెట్టుమన్నది నువ్వే కదమ్మా? వాస్తు అంత తెలిసిన మనిషివి, ఇయ్యాల ఇట్ల మాట్లాడితే ఎట్ల? హుజైఫా సామాను సర్దుకుంటున్నడు కూడా."

వసుధ బల్ల దగ్గరికెళ్లి, ఇటుక రంగు తీసుకుని, ఈశాన్య మూలలో ఇంకో గోడ గీసింది. మ్యాపు తెచ్చి ఛైర్మన్ గారి ముందు పరిచింది. "మీరు తవ్వమన్న చోటు ఇప్పుడు ఈ చిన్న ప్లాటుకు సరిగ్గా నైరుతి సార్," అంది. "దస్కతు మాత్రం మీదే."

రెండో బావి ఆ పూటే రద్దయింది. హుజైఫా పెట్టె విప్పాడు. మర్నాడు దాల్ రెండు గరిటెలు వేశాడు.

నెల తిరిగేసరికి కొత్త బ్లాకు డేటా వచ్చింది. వసుధ తలుపు దగ్గరికేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందుగా గోడ గీసింది. ఆ తర్వాత, తీరిక ఉంది కదా అని, సముద్రం అడుగున ఏముందో కూడా తెరిచి చూసింది.