రెండో కుర్చీ అయిపోయింది

మానవజాతి ఇంతవరకు సాధించిన వాటన్నిటిలోకీ గొప్పది ఖాళీ లేని కుర్చీల వరస. బెటగేరిలో ఓ కంటి ఆసుపత్రి అటెండరు గురుసిద్దప్ప అభిప్రాయం ఇది. ఏడో తరగతితో చదువు చాలించిన అతను స్వహస్తాలతో రాసిన నిబంధనల్లో నాలుగోది: 'కుర్చీ ఖాళీ కాగానే వెనకవారందరూ తలా ఒక కుర్చీ ముందుకు జరగవలెను.' (మొదటి రెండూ ఉమ్మివేయడం గురించి, మూడోది గొణగడం గురించి.)

కుర్చీలు నలభై. గోడ మీది యంత్రం ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు పిలుస్తుంది. ఆ నంబరు కుర్చీలో ఉన్నవాళ్లు డాక్టరమ్మ గదిలోకి వెళ్లాలి. యంత్రం వచ్చిన పదకొండేళ్లుగా, ఏడాదికోసారి జరిగే కంటి శిబిరంలో ప్రతిసారీ సరిగ్గా ఇరవై మందే లోపలికి వెళ్లారు. తక్కిన ఇరవై నంబర్లూ పిలిచినా పలకలేదనీ, జనానికి కళ్లంటే లెక్క లేదనీ గురుసిద్దప్ప ఏటా నివేదించాడు.

ఈ ఏడు నాలుగో కుర్చీలో అతని భార్య నీలవ్వ కూర్చుంది. మగ్గం మీద ఆమెకు పోగు కనిపించక ఆరు నెలలైంది. ఈ పూట ఆపరేషనుకు తేదీ దొరక్కపోతే మళ్లీ వచ్చే ఏడే.

"ఒకటి" అంది యంత్రం. ఒకరు లేచారు, అందరూ జరిగారు. "రెండు" అంది. మళ్లీ జరిగారు. నీలవ్వ రెండో కుర్చీలోకి వచ్చింది.

"మూడు."

"ఇదేందయ్యా, నన్ను దాటేసింది?"

"మిషను లెక్క తప్పదే. కూర్చో."

"మిషను తప్పలా. నువ్వు జరిపావు. పడుగులో పోగులు లెక్కపెట్టి తీసేటప్పుడు మేం చివర్నుంచి తీస్తాం. ముందునుంచి తీస్తే మిగతావి జరిగి లెక్క పోద్ది. వెనకనుంచి పిలవరాదూ? లేదా అందరిదీ అయ్యేదాకా ఎవర్నీ జరగనీకు."

"బడి మొహం చూడనిదానివి, నాకు చెప్పొచ్చావా!" అన్నాడు ఏడో తరగతి.

ఇరవై ఒకటి నుంచి నలభై దాకా యంత్రం ఖాళీ కుర్చీలనే పిలిచింది. మొదటి ఇరవై కుర్చీల్లో మాత్రం ఇరవై మంది బుద్ధిగా కూర్చుని ఉన్నారు. గురుసిద్దప్ప మొదటిసారి తలలు లెక్కపెట్టాడు. పదకొండు శిబిరాలు, శిబిరానికి ఇరవై మంది. (గుణకారం వచ్చు. చేయబుద్ధి కాలేదు.)

గుమాస్తా ఉమచగి దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, మా ఆవిడ రెండో కుర్చీలోనే ఉండిపోయింది!"

ఉమచగి కంప్యూటరు తెర చూశాడు. "రెండో కుర్చీ అయిపోయిందే! పరీక్ష చేశారు, తేదీ ఇచ్చారు. రానివాళ్లు ఇరవై ఒకటి నుంచి. నువ్వు పెట్టిన పద్ధతేగా గురుసిద్దప్పా? డాక్టరమ్మ బండి కూడా వెళ్లిపోయింది."

నీలవ్వ గోడ తడుముకుంటూ లేచింది.

ఖాళీ కుర్చీ కంటబడగానే గురుసిద్దప్ప నోరు అలవాటు కొద్దీ అరిచింది: "జరగండి, జరగండి!"

వెనకున్న పద్దెనిమిది మందీ జరిగారు.