ఎండిన కట్టె కుంగుతుందట!

ప్రతి ఇంట్లోనూ కట్టెల పిచ్చి పట్టిన మగమనిషి ఒకరుండి తీరాలి! అలాంటి మనిషి లేని ఇళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. మీ ఆయన టీవీ ముందు కూర్చుంటారా? ఫోన్ పట్టుకుని సోఫాలో దొర్లుతారా? సాయంత్రం కాగానే పేకాటకు పోతారా? అయితే మీరు సంసారం అంటే ఏమిటో ఇంకా చూడలేదన్న మాట.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మా వారు బీమా ఆఫీసులో ఆఫీసరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు నిప్పెందుకు అంటుకుందో విచారిస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి మా ఇంట్లో నిప్పెందుకు అంటుకోవడం లేదో విచారిస్తారు.

ఈ అదృష్టం మాకు రెండు చలికాలాల కిందట పట్టింది. ఆయన స్నేహితుడింటికి భోజనానికి వెళితే అక్కడ హాల్లో ఒక ఇనప పొయ్యి, దానికొక గాజు తలుపు, లోపల కట్టెలు భగభగా మండుతున్నాయి. ఆ మంట ముందు మా వారు చతికిలబడి అలా చూస్తూ ఉండిపోయారు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా అంతసేపు రెప్ప వాల్చకుండా చూసిన గుర్తు లేదు. వారం తిరక్కుండా మా రూమ్ హీటర్ ఎవరికో వెళ్ళిపోయింది. దాని చోట ఇనప పొయ్యి, గోడకు కన్నం, కన్నంలోంచి పొగగొట్టం వచ్చాయి.

"మీట నొక్కితే వచ్చే వేడి వేడే కాదు" అని ప్రకటించారు.

"మరి ఇన్నాళ్ళూ మనం కాచుకున్నదేమిట్రా?" అని అడిగారు మా అత్తగారు.

"అది ఉష్ణోగ్రత అమ్మా" అన్నారాయన. ఆవిడ ఇంకో రగ్గు తెచ్చుకున్నారు.

ఇక లాభాలు చూడండి. గొడ్డలి పట్టిన మొదటి ఆదివారం ఆయన నడుం పట్టేసింది. తరువాతి ఆదివారం కుడి భుజం. ఆ పై ఆదివారం, పేరు కూడా తెలియని ఒక కండరం. కట్టెలే కొట్టకపోతే ఒంట్లో ఇన్ని భాగాలున్నాయని ఎవరికి తెలిసేది? డాక్టర్ కావాలని మా వాళ్ళంతా చిన్నప్పుడు నాకు చెప్పి చెప్పి అలిసిపోయారు. ఆ ముచ్చట ఇప్పుడు తీరింది. ఆయింట్‌మెంట్ వాసన చూసి ఏది నడుముకో ఏది మోకాలికో చెప్పేయగలను.

వ్యక్తిత్వ వికాసం మాటేమిటి? ఒక మెలితిరిగిన మొద్దు ఉంది. ఎంత కొట్టినా చీలదు. గొడ్డలి లోపలికి వెళ్ళడమే గాని బయటికి రాదు. దానికి మా వారు 'హెడ్ క్లర్క్' అని పేరు పెట్టారు. ఆఫీసులో నోరెత్తలేని మనిషి ఇంటికొచ్చి హెడ్ క్లర్క్‌ని నాలుగు దెబ్బలు వేసి, చెమట తుడుచుకుని, హాయిగా టీ తాగుతారు. ఇంత చవకైన వైద్యం ఇంకెక్కడైనా ఉందా?

అన్నిటికన్నా గొప్ప మార్పు, మనిషి మెత్తబడ్డారు. కట్టెల దగ్గర, అదీ. రెండు చీలికలు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఖంగుమంటే ఎండినట్టు, ధబ్బుమంటే పచ్చిదట. రెండు ముళ్ళున్న తేమ మీటర్ ఒకటి కొన్నారు. ఆదివారం పొద్దున్నే దాన్ని జేబులో వేసుకుని, ఒక్కో కట్టెకూ గుచ్చి, "ఊ, నయమే, నయమే" అంటూ రౌండ్స్ కొడతారు. మొన్న నాకు జ్వరమొస్తే మన థర్మామీటర్ ఎక్కడుందని నన్నే అడిగారు.

ఒకసారి మబ్బు పట్టింది. ఆఫీసు నుంచి ఫోన్.

"చినుకులు మొదలయ్యాయా?"

"ఇప్పుడే. తీసేశాను" అన్నాను, దండెం మీది బట్టల్ని ఉద్దేశించి.

"కట్టెల మీది టార్పాలిన్ తీసేశావా!" అని ఆయన పెట్టిన కేకకు వాళ్ళ ఆఫీసంతా లేచి నిలబడిందట. అంత ప్రేమ!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా వారి కట్టెల చరిత్రను మూడు ముక్కల్లో చెప్పమంటే ఇది: తెచ్చె, కొట్టె, కట్టె. వీధి చివర గాలికి పడ్డ చెట్టును మునిసిపాలిటీ వాళ్ళ దగ్గర బతిమాలి తెచ్చారు. ఏడాది పొడుగునా కొట్టారు. ఆ తరువాత పెరట్లో గోడ కట్టారు. కట్టెల పేర్పును మీరెప్పుడైనా శ్రద్ధగా చూశారా? చివరలన్నీ ఒకే వరసలో, సందులన్నీ ఒకే కొలతలో, బెరడు పైకి, చీలిక కిందికి. అటూ ఇటూ రెండు కొసల్లో అడ్డం నిలువు పేర్చి స్తంభాలు. తాపీమేస్త్రీ చూస్తే సిగ్గుపడాలి. కాలనీ కాలనీ అంతా వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళారు.

అంతా బాగుంది. ఒక్కటే చిన్న సంగతి. ఆ గోడ నా కిటికీకి అడ్డంగా కట్టారు.

పెరటి వైపున్న చిన్న గది నాది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ, అంతే. మీరు ఇన్నేళ్ళుగా చదువుతున్న ఈ కాలమ్ ఆ కిటికీ వెలుతురులోనే పుట్టింది. రాయడానికేమీ తట్టనప్పుడు ఆ కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఎండా, పిట్టగోడా, దాని మీద నడిచే పిల్లీ కనిపించేవి. పెద్ద దృశ్యమేమీ కాదు. అయినా అది చాలేది.

ఇప్పుడు తెర తీస్తే కట్టెలు. ఇందులోనూ లాభం లేదంటారా? ఎండకు పుస్తకాలు పాడవవు! బయటి ప్రపంచం మీద ఆశ పోతుంది! మిట్టమధ్యాహ్నం బల్బు వేసుకుని కూర్చుంటే, టీ ఇవ్వడానికొచ్చిన మా అత్తగారు "ముసురు పట్టిందా ఏమిటమ్మా?" అనేవారు. ఏడాదంతా ముసురే. కవులైతే దానికోసం కాచుకు కూర్చుంటారు.

అడగలేదా అంటారేమో. అడిగాను.

"ఏమండీ, నా కిటికీ..."

"వెలుతురుదేముంది, ఎక్కడైనా ఉంటుంది. ఎండా గాలీ రెండూ తగిలే గోడ మనింటికి అదొక్కటే."

"మరి నేనెక్కడ రాసుకోను?"

"వంటింట్లో బల్ల ఉందిగా. నువ్వు రాసేది ఎలాగూ ఇంటి సంగతులేగా!"

ఆయన నవ్వుతూనే అన్నారు. గుచ్చుకోవాలని అన్నది కాదు. తేమ మీటర్ కూడా నవ్వుతూనే గుచ్చుతారు. నాకు మాత్రం ఆ మాట లోపల దిగబడిపోయింది.

పోనీ, గోడ కడితే కట్టారు, చలికాలం రాగానే ఆ కట్టెలు కాలుస్తారుగా, కిటికీ దానంతటదే తెరుచుకుంటుందిగా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఎంత అమాయకురాలిని! చలికాలం వచ్చింది. కట్టెలు ఖంగుఖంగుమంటున్నాయి. మా వారు వాటి ముందు నిలబడి ఒక కట్టె మీద చెయ్యి వేసి, తీయబోయి, ఆగి, మళ్ళీ సర్దారు.

"ఇంకొంచెం ఆరనీ" అన్నారు.

అసలు కారణం నాకు తెలియదా? అంత అందంగా పేర్చుకున్న గోడలోంచి ఒక్క కట్టె తీయడానికి ఆయనకు ప్రాణం ఒప్పడం లేదు. తీస్తే వరస చెడుతుంది! దాంతో ఏం చేశారంటే, కాల్చుకోవడానికి అడితి నుంచి వేరే కట్టెలు తెప్పించి షెడ్డులో వేయించారు. నిన్నగాక మొన్న కొట్టిన పచ్చి కట్టెలు! పొయ్యిలో పెడితే సుయ్యి సుయ్యిమని నీళ్ళు కక్కి, పొగలు చిమ్మి, నల్లగా ముడుచుకుపోతాయి. గాజు తలుపు మసిబారింది. ఇల్లంతా పొగ. వచ్చిన చుట్టాలు మా కళ్ళల్లో నీళ్ళు చూసి, తాము వెళ్ళిపోతుంటే ఇంత బెంగ పెట్టుకుంటారనుకోలేదని కరిగిపోయారు. మా అత్తగారికి పగలంతా దగ్గు, చలి, మూడు రగ్గులు. పెరట్లో చూస్తే ఖంగుమనే కట్టెలు, టార్పాలిన్ కప్పుకుని వెచ్చగా. ఆ రోజుల్లో మా ఇంట్లో సరిగ్గా మండింది నా ఒళ్ళొక్కటే.

అయినా ఈ వ్యాసం పొగడ్త కోసం మొదలుపెట్టాను కాబట్టి పొగడ్తతోనే సాగనిస్తాను. ఎందుకంటే ఈమధ్య మా ఇంట్లో ఒక అద్భుతం జరిగింది. పొయ్యి బ్రహ్మాండంగా మండుతోంది! పొగ లేదు. అత్తగారి దగ్గు తగ్గింది. పైగా షెడ్డులో అడితి కట్టెలు తరగడమే లేదు. దీనికంతటికీ కారణం పొయ్యికి గాలి అందించే మూత తిప్పడంలో తన చేతివాటమని మా వారు నిర్ధారించారు. పొయ్యి మూత ఎంత తెరవాలో ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకు కూడా బోధిస్తున్నారట.

అంతకన్నా పెద్ద అద్భుతం గోడది. అది కుంగుతోంది. అంతటా కాదు, నడిమధ్యన మాత్రమే. రోజురోజుకీ కొంచెం కొంచెంగా దిగుతోంది. మా వారు మొదట కంగారుపడ్డారు. ఫోన్లో ఏవేవో వీడియోలు చూశారు. ఎండినప్పుడు కట్టెలో నీరు పోయి అది చిక్కిపోతుందని తెలుసుకుని, ఎగిరి గంతేశారు. కుంగడమంటే నాణ్యతకు గుర్తట!

పక్కింటావిడ హైస్కూల్లో సైన్స్ టీచర్. ఆవిడను కూడా పిలిచి చూపించారు.

"సరిగ్గా కిటికీ వెడల్పునే కుంగిందేమిటండీ?" అని అడిగిందావిడ.

"అదే సైన్సు మేడమ్! గదిలో వెచ్చదనం గాజులోంచి తగులుతుందిగా. అక్కడి కట్టె ముందు ఎండుతుంది. ముందు ఎండింది ముందు కుంగుతుంది."

ఆవిడ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. "మా పిల్లలకు ఈ పాఠం చెప్పాలండీ" అని వెళ్ళిపోయింది. మంచి మనిషి.

ఇక మీ దగ్గర దాపరికమెందుకు? ఒకరోజు మా వారు ఆఫీసుకు వెళ్ళాక, బల్బు వెలుగులో కూర్చున్న నన్నూ, కిటికీ నిండా ఉన్న కట్టెలనూ, తన మూడు రగ్గులనూ మార్చి మార్చి చూసి మా అత్తగారు ఒక ప్రశ్న వేశారు.

"అమ్మాయ్, ఆ కిటికీ తలుపులు లోపలికే కదా తెరుచుకునేవి?"

అవును, లోపలికే. పెరటి వైపే కదా అని ఊచలు కూడా పెట్టించలేదు. చెయ్యి చాపితే పై వరస.

"తప్పేమో అత్తయ్యా" అన్నాను, పేరుకు.

"వాడు చిన్నప్పుడూ ఇంతేనమ్మా. బొమ్మ కొనిస్తే పెట్టెలోంచి తీసేవాడు కాదు. పాడైపోతుందని పెట్టెతోనే ఆడుకునేవాడు. అన్నీ నేనే తీసి ఆడుకున్నాను" అన్నారావిడ, మొదటి కట్టె అందుకుంటూ.

అప్పటి నుంచి నేను కిటికీలోంచి తీయడం, ఆవిడ ముందుగానే పొయ్యిలో పేర్చి ఉంచడం. మిగిలిన పై వరసను మళ్ళీ పద్ధతిగా సర్ది, బెరడు పైకి, చీలిక కిందికి, టార్పాలిన్ కప్పేస్తాం. ఇంత కలిసికట్టుగా మేమిద్దరం ఏ పనీ చేసి ఎరగం. చూశారా, కట్టెల వల్ల అత్తాకోడళ్ళ సఖ్యత కూడా!

కిటికీ పైసగం తెరుచుకుంది. ఇది రాస్తుంటే కాగితం మీద ఎండ పడుతోంది. పిట్టగోడ ఇంకా కనబడదు గాని, పిల్లి తోక కనబడుతోంది.

ఇలా పత్రికలో రాసేస్తే దొరికిపోనా అని మీ అనుమానం కదూ? ఆ భయం లేదు. మా వారు నా కాలమ్ చదవరు. అలాగని పనికిరాదని పక్కనా పడేయరు. పొద్దున్నే పేపర్ రాగానే ఈ పేజీనే చింపి, ఉండ చుట్టి, పొయ్యిలో అడుగున పెట్టి అగ్గిపుల్ల గీస్తారు. "మిగతా పేజీల కన్నా ఇది చప్పున అంటుకుంటుంది" అంటారు. ఇన్నేళ్ళలో నా రాతల మీద ఆయన చెప్పిన అభిప్రాయం అదొక్కటే. ప్రతి కట్టెలో ఎంత తడి మిగిలిందో ఆయనకు తెలుసు. నా వాక్యాల్లో ఏముందో తెలియదు.

కాబట్టి రేపు ఈ పేజీ కూడా మండుతుంది, పైన ఆయన సొంత కట్టెలే మండుతాయి, గోడ ఇంకొంచెం కుంగుతుంది.

లేదూ, ఉండ చుట్టబోతూ శీర్షికలో కట్టె అన్న మాట కంటబడి ఆయన ఆగి, కాగితం సాఫు చేసి చదవడం మొదలుపెట్టారే అనుకోండి. ఇక్కడిదాకా వచ్చారే అనుకోండి. అప్పుడు నా దొంగతనం బయటపడుతుంది, కిటికీ మళ్ళీ మూసుకుపోతుందేమో కూడా. ఫరవాలేదు. ఆ పూట పొయ్యి వెలగకపోయినా నేను చలి అనను.