మూడు మూపురాల ధన్యజీవి

నేనెవరిని?

ఈ ప్రశ్న తత్త్వవేత్తలను వేల ఏళ్లుగా వేధిస్తోందట. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నేనూ ప్రతి ఉదయం వేసుకుంటాను. నాకు మాత్రం సబ్బు నురగ ఆరకముందే జవాబు దొరుకుతుంది. నేను ఒంటెను. మూడు మూపురాల ఒంటెను. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, పిల్లల కోసం టీవీలో ఏడేళ్లుగా వస్తున్న ఒక యానిమేషన్ సాహసగాథలో, యువరాజు వెంట నడిచే ఒంటెకు గొంతు ఇచ్చేవాణ్ణి.

జాలిపడకండి. ఇవాళ నేను మీకు నిరూపించబోయేది ఒక్కటే. మనిషి జన్మకు దక్కగల స్థానాల్లోకెల్లా ఉత్తమమైనది పక్కపాత్ర. నాయకుడికి మూడడుగుల వెనక సామాను మోస్తూ, అప్పుడప్పుడు "జాగ్రత్త యువరాజా" అంటూ నడవడం. అంతకు మించిన మోక్షం నాకు తెలియదు.

ఆలోచించండి. యువరాజుకు ఎన్ని బాధలు! మాయాదీపాన్ని వెతకాలి. పోయిన రాజ్యాన్ని తెచ్చుకోవాలి. ప్రతి భాగం చివరా కొండ అంచున నిలబడి దూరంగా చూడాలి, ఆ సమయానికి జుట్టు గాలికి ఎగరాలి. ఒంటెకు ఇవేవీ లేవు. దానికి లక్ష్యం లేదు, గతం లేదు, తల్లిదండ్రులు లేరు, చివరకు పేరు కూడా లేదు. యువరాజు దాన్ని "నేస్తం" అంటాడు. ఎంత ఆప్యాయత! పేరు గుర్తుపెట్టుకునే శ్రమ కూడా తప్పింది. అహంకారాన్ని వదిలించుకోవడానికి మహామహులు అడవులు పట్టిపోయారు. ఒంటెకు దాన్ని రచయితే మొదటి పేజీలో తీసేశాడు.

ఈ భాగ్యం నా ఒక్కడిదే అనుకోకండి. ఆఫీసు మీటింగులో మేనేజరు పెద్ద తెర ముందు నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటాడు. మూలన ల్యాప్‌టాప్ దగ్గర ఒకాయన కూర్చుని, "నెక్స్ట్" అన్నప్పుడల్లా ఒక మీట నొక్కుతుంటాడు. ఆ స్లైడ్లన్నీ తయారుచేసింది ఆయనే. చివర్లో చప్పట్లు మోగినప్పుడు ఆయనా కొడతాడు. దీన్ని నిర్లిప్తత అనక ఏమంటారు? ఇక, కుటుంబమంతా విహారయాత్రకు వెళితే నాలుగు వందల ఫోటోలు తీసి, ఒక్కదానిలోనూ కనిపించని బావగారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పదేళ్ల తర్వాత ఆ ఫోటోలు చూసినవాళ్లు "ఆ ఏడు బావ రాలేదా?" అని అడుగుతారు. ఉండీ లేకపోవడం గురించి లావాటి గ్రంథాలు చదివాను. రాసినవాళ్ల కన్నా బావగారే ఎక్కువ దూరం వెళ్లారని నా నమ్మకం.

ఇక్కడ మా వృత్తిలోని ఆచారం ఒకటి చెప్పాలి. యువరాజుకు గొంతు ఇచ్చేది వేరే అతను. నాకన్నా చిన్నవాడు, తమ్ముడూ అని పిలుస్తాను. అతని గొంతు తేనె. తేనెను కాపాడుకోవాలి కదా? అందుకని అతను మాటలు మాత్రమే చెబుతాడు. యువరాజు లోయలో పడ్డప్పటి కేక, నీళ్లలో మునిగినప్పటి ఉక్కిరిబిక్కిరి, బాణం గుచ్చుకున్నప్పటి మూలుగు, ఇలా గొంతు చెడగొట్టే చప్పుళ్లన్నీ నావి. స్క్రిప్టులో ఆ చప్పుడు ఎదురుగా "ఒంటె" అని రాసి ఉంటుంది. ఆ పని నాదని అర్థం. బొమ్మలో సామాను మోస్తాను, మైకు ముందు నొప్పి మోస్తాను.

దీనివల్ల ఇంట్లో ఒకసారి చిన్న చిక్కొచ్చింది. మంచం కోడుకు నా కాలి చిటికెనవేలు తగిలింది. ప్రాణం పోయినట్టు కేక వేశాను. పక్కగదిలోంచి మా అమ్మాయి పరుగున వచ్చింది.

"నాన్నా, అచ్చం యువరాజులా అరిచావు. ఇంకోసారి అరవవా?"

కాలు నాది, నొప్పి నాది, గొంతు నాది. కేక మాత్రం యువరాజుది. నాది అనేదే మిగలని ఈ స్థితి ఎందరికి దక్కుతుంది చెప్పండి?

నిన్న ఈ సీజను చివరి భాగం స్క్రిప్టు ఇంటికి వచ్చింది. అందులో ఒంటె చనిపోతుంది. గుహ రాతితలుపు మూసుకుపోతుంటే మూడు మూపురాలూ అడ్డం పెట్టి ఆపి, యువరాజును దీపంతో సహా బయటికి పంపి, తాను నలిగిపోతుంది. మెడ పొడవు కాబట్టి తల మాత్రం బయట ఉంటుంది. యువరాజు ఆ తలను ఒళ్లో పెట్టుకుని ఇరవైరెండు సెకన్ల పాటు వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆ ఏడుపు ఎదురుగా "ఒంటె" అని ఉంది.

ఈ ఉదయం మా ఆవిడ నా భుజం మీదుగా ఆ పేజీ చదివింది.

"చచ్చేదీ మీరే, ఏడ్చేదీ మీరేనా? ఇంక ఆయనేం చేస్తాడట?"

"తల ఒళ్లో పెట్టుకుంటాడు."

"అది బొమ్మ చేస్తుందిగా."

ఆమెకు శాంతంగా నచ్చజెప్పాను. తాను పోతే ఎవరు ఏడుస్తారో, ఎంతసేపు ఏడుస్తారో, మనసారా ఏడుస్తారో లేదో ఈ లోకంలో ఎవరికైనా ముందే తెలుస్తుందా? నాకు తెలుసు. ఏర్పాట్లన్నీ నా చేతిలోనే ఉన్నాయి. అంతా విని ఆమె ఖాళీ కప్పు అందుకుంది.

"ఏడేళ్లలో ఆ ఒంటె కోసం ఎవరైనా ఏదైనా చేసేది అక్కడొక్కచోటేనండీ" అని లోపలికి వెళ్లిపోయింది.

స్క్రిప్టు మడిచి సంచిలో పెట్టుకున్నాను. స్టూడియోకు ఆలస్యమవుతోంది.

ఒంటె చావు ఒక్క టేకులో అయిపోయింది. "బాగా చచ్చారు సార్" అన్నాడు రికార్డిస్టు. ఇలాంటి మెప్పు చెవులారా వినే అవకాశం ఎవరికొస్తుంది? అద్దానికి అవతల అతని పక్కన కూర్చున్న డబ్బింగ్ దర్శకురాలు, ఆ ఊపులోనే ఏడుపు కూడా కానిచ్చేద్దామంది.

ఏడ్చాను.

"సార్, ఇది యువరాజులా లేదు. ఒంటె ఏడుస్తున్నట్టుంది" అన్నాడు రికార్డిస్టు.

"ఒంటె పోయింది కదండీ" అని దర్శకురాలు గుర్తుచేసింది.

మళ్లీ ఏడ్చాను. మళ్లీ ఒంటే అన్నారు. మూడోసారి కళ్లు మూసుకుని, సర్వశక్తులూ కూడగట్టుకుని ఏడ్చాను.

"ఇప్పుడు రెండూ కాదు సార్" అన్నాడు రికార్డిస్టు మెల్లగా. "ఎవరో పెద్దాయన ఏడుస్తున్నట్టుంది."

దర్శకురాలు ఓపిక గల మనిషి. "కాస్త నీళ్లు తాగండి. మీరేం బెంగ పెట్టుకోకండి. వచ్చే సీజనులో యువరాజుకు కొత్త నేస్తం వస్తోంది, చిలక. దానికి వేరే అమ్మాయి చెబుతుంది. యువరాజు అరుపులు మాత్రం ఎప్పటికీ మీవే. అవి ఇంకెవరికీ రావు."

పక్కపాత్రకు మాత్రమే దక్కే అమరత్వం ఇదేనని నాకు తోచింది. ఒళ్లు పోతుంది, కేకలు ఉంటాయి. మంచి వాక్యం, ఎక్కడైనా రాసుకోవాలి అనుకున్నాను. అనుకున్న మరుక్షణం కోపం వచ్చింది. ఆమె మీద కాదు, యువరాజు మీదా కాదు. వీపున ఎవరు ఏది పెట్టినా దానికొక మంచి వాక్యం వెతికి పెట్టింది ఈ ఏడేళ్లూ నేనే. ఒంటెకు నోరు లేకనా? దాని నోరు నేనే కదా.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాను. తన మాటలు పొద్దున్నే ముగించుకున్న యువరాజు, వరండాలో మెడకు మఫ్లరు చుట్టుకుని, వేడినీళ్లు గుటకలు వేస్తూ ఫోను చూసుకుంటున్నాడు.

"తమ్ముడూ, లోపలికి రా. ఏడవాలి."

అతను కంగారుగా లేచాడు. "ఎవరు పోయారన్నా?"

"ఒంటె."

"అదా." మళ్లీ కూర్చున్నాడు. "అది మీ బిట్టే కదన్నా."

"చావు నాది. అది ఇచ్చేశాను. ఏడుపు నీది."

"నాకు ఏడుపు రాదన్నా. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఏడవలేదు. మీరైతే ఎంత బాగా..."

"నేను ఏడవబట్టే నీకు రాలేదు. లే."

చేయి పట్టుకుని లేపాను. లోపలికి తీసుకెళ్లి మైకు అతని ఎత్తుకు దించి, హెడ్‌ఫోన్స్ చెవులకు తగిలించాను. తలుపు మూసి, అద్దానికి ఇవతల రికార్డిస్టు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దర్శకురాలు నా వంక చూసింది.

"ఒంటె లేదమ్మా" అన్నాను. "ఇప్పుడే పోయింది."

రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. తెర మీద యువరాజు ఒళ్లో ఒంటె తల ఉంది. మైకు ముందు తేనెగొంతు ఒకసారి గట్టిగా దగ్గింది, ఇంకోసారి సన్నగా మూలిగింది, ఆగిపోయింది. అతను నా వైపు తిరిగి, ఎలా అన్నట్టు అరచేయి తిప్పాడు.

ఏడేళ్ల అలవాటు నన్ను కుర్చీలోంచి సగం లేపింది.

కూర్చున్నాను.