ఏ కాలమూ కలిసిరాని కారు

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరుగారు మెత్తటి గుడ్డ భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళి, నిద్రపోతున్న పసిపిల్ల మీంచి దుప్పటి తీసినట్టు ఎర్ర కారు మీది కవరు తీశారు. ఇవాళ దాన్ని నడపాలి. తప్పదు. "మధ్యాహ్నం భోజనాల లోపు నన్నందులో ఒక్క చుట్టు తిప్పారా, సరేసరి. లేదంటే సాయంత్రం మా మేనేజరుగారొచ్చి బేరమాడుకుని పట్టుకుపోతారు," అని భార్య తేల్చి చెప్పేసింది. ఆవిడ బ్యాంకు ఉద్యోగి. గడువంటే గడువే.

కొని ఏళ్ళు గడిచినా ఆ కారుకి ఏ కాలమూ కలిసిరాలేదు. ఎండాకాలం బయటికి తీస్తే రంగు వెలుస్తుంది. వానాకాలం బురద. చలికాలం ఇంజనుకి పడదు. మిగిలిన నాలుగు మంచి రోజుల్లో దుమ్ము. కొన్న కొత్తలో ఒకసారి వీధి చివరిదాకా వెళ్ళి, వెనకాల సైకిలు బెల్లు వినపడగానే గుండె జారి తిరిగొచ్చేశారు. అప్పట్నించీ సేవలే గానీ సవారీ లేదు. టైర్లలో గాలి చూడటం, తోలు సీట్లు తుడవటం, ఒళ్ళంతా పాలిష్ పట్టించటం.

సాయంత్రాలు మాత్రం ఆయనవి. క్లినిక్కు నుంచి రాగానే కారులో కూర్చుని, స్టీరింగు మీద చేతులు వేసి, కళ్ళు మూసుకునేవారు. షెడ్డు గోడ మెల్లగా కరిగిపోయేది. కొండ పక్కన మెలికలు తిరిగే రోడ్డు, కింద ఎక్కడో నీళ్ళ మెరుపు, కిటికీలోంచి తడిగాలి. ఎదురుగా ఒక్క బండి రాదు, ఒక్క కుక్క అడ్డం పడదు. రోజంతా జనం నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి అంతకు మించిన విశ్రాంతి లేదు. భోజనాల దగ్గర ఆ రోడ్డు గురించి చెప్తే భార్య పప్పు వడ్డించేది, అత్తగారు మాత్రం శ్రద్ధగా వినేవారు. కారు పోతే ఆ రోడ్డూ పోతుంది. డాక్టరుగారి బెంగంతా అదే.

తాళం తిప్పి ముల్లు చూశారు. పెట్రోలు సగానికి పడిపోయి ఉంది.

మొన్నటిదాకా నిండుగా ఉన్న ట్యాంకు, షెడ్డు దాటని బండి, సగం పెట్రోలు ఏమైనట్టు? వెంటనే సర్వీసు సెంటరుకి ఫోను చేశారు.

"మీరు నడపలేదా సార్?" అంది ఫోనెత్తిన అమ్మాయి.

"అసలు బయటికే తియ్యలేదమ్మా!"

"అయితే లీకయ్యుంటుంది సార్. స్టార్ట్ చెయ్యకండి. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి. మెకానిక్కుని పంపిస్తాం."

నిప్పు అనే మాట చెవిన పడగానే డాక్టరుగారు వంటింట్లోకి పరిగెత్తి, పొంగబోతున్న పాల కింద స్టవ్వు కట్టేశారు. "అందరూ బయటికి నడవండి! పెట్రోలు!" అని అరిచారు.

ఆ అరుపు ఎదురింటి పెద్దాయన విన్నాడు. ఆయన ఒకప్పుడు ఫైరింజను మీద పనిచేసినవాడు. రిటైరయ్యాక మంటలు దొరక్క ప్రాణం ఉసూరుమంటోంది. బనీను మీదే వచ్చి, "మీరు కంగారుపడకండి డాక్టరుగారూ, మావాళ్ళకి కబురు పెట్టేశా," అన్నాడు, పెళ్ళికి పిలిచినంత సంతోషంగా.

ఇక మిగిలింది అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. సోఫాలోంచి వంటింటికి వెళ్ళాలన్నా కూతురి భుజం కావాలి.

"అల్లుడుగారూ, ఆ పెట్రోలు సంగతి ఒక్క మాట..."

"మాటలకిది సమయం కాదు అత్తయ్యగారూ!" అని డాక్టరుగారు ఒకవైపు, పెద్దాయన ఒకవైపు పట్టి, ఆవిణ్ణి కుర్చీతో సహా మోసుకెళ్ళి వీధిలో పెట్టారు. ఆవిడ మరో రెండుసార్లు నోరు తెరిచారు గానీ, అప్పటికే ఫైరింజను గంట మోగించుకుంటూ సందులోకి దూరింది. వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చేసింది.

ఫైరు ఆఫీసరు కారు కింద పడుకుని, టార్చి వేసి, వేలితో రాసి వాసన చూశాడు. "పాలిష్ వాసన తప్ప ఏం లేదండీ. చుక్క కూడా కారలేదు," అన్నాడు.

డాక్టరుగారు ఊపిరి పీల్చుకోబోయారు. అంతలో ఆఫీసరు వెనక్కి చూశాడు. సందు అవతలి కొస మూసుకుపోయి ఉంది. ఇవతల నుంచి కూరల బళ్ళు, పాల వ్యాను, తమాషా చూడ్డానికొచ్చిన జనం.

"మా బండి ఇక్కడ తిరగదు. మీ షెడ్డులోకి ముక్కు పెట్టి వెనక్కి తియ్యాలి. కారు కాస్త బయటికి తీసి పక్కన పెట్టండి సార్."

అప్పుడే వాన మొదలైంది.

డాక్టరుగారు కూర్చుని స్టార్ట్ చేశారు. కారు గర్జించింది. ఒకపక్క గోడ, ఒకపక్క గేటు, వెనక ఎర్రటి ఫైరింజను. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి!" అని వీధంతా ఒక్కసారి అరిచింది.

ఆయన దిగిపోయారు. భార్య ముందు, వీధి ముందు, తలొంచుకుని నిజం చెప్పేశారు. "నా వల్ల కాదు. నాకు భయం. ఎప్పుడూ భయమే."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. భార్య కూడా గొడుగు కింద చూపు తిప్పుకుంది. అత్తగారు నిట్టూర్చి, కుర్చీలోంచి లేచారు. భుజం ఏదీ పట్టుకోకుండా చకచకా నడిచి వెళ్ళి, సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, ఒకే ఒక్క ఊపులో కారుని వెనక్కి తీసి, గోడకీ ఫైరింజనుకీ మధ్యనున్న సందులోంచి ఒడుపుగా తిప్పి, పక్కింటి గోడవార పెట్టేశారు. గేటుకి గీత కూడా పడలేదు. ఎదురింటి పెద్దాయన అప్రయత్నంగా సెల్యూట్ కొట్టాడు.

సరిగ్గా అప్పుడే మెకానిక్కు స్కూటరు దిగాడు. డాక్టరుగారిని దాటుకుని తిన్నగా ఆవిడ దగ్గరికెళ్ళి, "అమ్మగారూ, మీరా! పోయినసారి చెప్పిన బ్రేకు ప్యాడ్లు వచ్చేశాయండీ," అన్నాడు.

భార్య గొడుగు మూసేసింది. వానలో తడుస్తున్న సంగతి కూడా ఆవిడకి తెలియలేదు.

"అమ్మా! నీ మోకాళ్ళు?"

"కూర్చున్నప్పుడు నెప్పి ఉండదే. క్లచ్చు తొక్కితే కాస్త సాగుతాయి కూడా," అన్నారు అత్తగారు. తర్వాత అల్లుడి వైపు తిరిగారు. "పెళ్ళికి ముందు మా నాన్న పాల వ్యాను నేనే తోలేదాన్ని. మీరిద్దరూ పనుల్లోకి పోయాక రోజూ అలా తిప్పుకొస్తున్నా. ఎండా వానా చూడకుండా. పెట్రోలు పోయించి ముల్లు మళ్ళీ ఎక్కడుండాలో అక్కడే పెట్టేదాన్ని. మొన్న బంకులో జనం ఎక్కువున్నారని వచ్చేశా. తప్పే. కానీ బండిని ఊరికే కూర్చోబెడితే రబ్బరు ఎండిపోతుంది బాబూ, బ్యాటరీ చచ్చిపోతుంది. మనిషయినా అంతే."

మెకానిక్కు తలూపాడు. "అందుకే సార్, బండి అంత బాగుంది. మూలన పెట్టినవైతే మా దగ్గరికి లారీ మీద వస్తాయి."

ఇన్నేళ్ళూ తన పాలిష్ వల్లే కారు నిగనిగలాడుతోందనుకున్న డాక్టరుగారు భుజం మీది గుడ్డని చూసుకున్నారు. భార్య ఫోను తీసి, "మేనేజరుగారూ, కారు అమ్మటం లేదండీ. ఇంట్లో నడిపేవాళ్ళున్నారు," అని పెట్టేసి, "ముందు ఆయన్ని తిప్పుకురా అమ్మా. నా చుట్టు తర్వాత," అంది.

"ఎక్కండి అల్లుడుగారూ. మీరు చెప్పే కొండ రోడ్డు ఊరవతల నిజంగానే ఉంది. మీ మాటలు విని వెతికి పట్టుకున్నా."

ఉంది. అవే మెలికలు, కింద అదే నీళ్ళ మెరుపు, అదే తడిగాలి. దాంతోపాటు ఎదురుగా లారీ, రోడ్డుకి అడ్డంగా కుక్క కూడా ఉన్నాయి. అత్తగారు కొంగు నడుముకు దోపుకుని గేరు మార్చారు.

డాక్టరుగారు ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నారు. ఈసారి కల కోసం కాదు.