ఫిర్యాదుల్లేని ప్రజలు

"ఇకనుంచి ప్రజలకూ నాకూ మధ్య ఒక్క బటన్ దూరమే" అని మంత్రిగారు సభలో ప్రకటించినప్పుడు, ఆ బటన్ తయారుచేసిన ప్రోగ్రామర్ మూడో వరసలో కూర్చుని తన తెలివికి తానే మురిసిపోయాడు. వెబ్‌సైట్‌లో కష్టం రాసి బటన్ నొక్కితే చాలు, అది తిన్నగా మంత్రిగారి సర్వర్‌కు చేరుతుంది.

మొదటి వారంలోనే వేల ఫిర్యాదులు చేరాయి. అన్నీ ఖాళీగా చేరాయి.

ప్రోగ్రామర్ కోడ్ తెరిచి వెతికాడు. జనం రాసే గడులకు కోడ్‌లో పేర్లు పెట్టడం మరిచాడు. పేరు లేని గడిలో ఎంత ఏడ్చి రాసినా సర్వర్‌కు అందదు. కొత్తగా పలక పట్టినవాడు కూడా చేయని తప్పు. రాజీనామా మాటలు కూడబలుక్కుంటూ మంత్రిగారి గదికి వెళ్లాడు.

మంత్రిగారు లేచి కౌగలించుకున్నారు.

"చూశావటయ్యా? ఇంతమంది వచ్చారు, ఒక్కరికీ చెప్పుకోడానికి కష్టమే లేదు."

"అది కాదు సార్, చిన్న పొరపాటు..."

"పైగా వినయం కూడానా? ఇవాళ్టి నుంచి మన కంప్యూటర్ విభాగానికి చీఫ్‌వి నువ్వే."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. కొత్త కుర్చీ గుండ్రంగా తిరుగుతుందని తెలిశాక మూసుకున్నాడు.

ఇంటికెళ్తే భార్య అడిగింది. "కుళాయిలో మురుగొస్తోందని మీ సైట్లోనే రాశానండీ. పిల్లకి వాంతులు తగ్గట్లేదు. ఎప్పుడు చూస్తారట?"

మర్నాడు పొద్దున్నే గడులన్నిటికీ పేర్లు పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా మురుగు, గుంతలు, మూతపడ్డ ఆసుపత్రి, మంత్రిగారి బావమరిది కలిపేసుకున్న ఆటస్థలం, అన్నీ వరదలా వచ్చిపడ్డాయి.

సాయంత్రం పిలుపొచ్చింది.

"మన సైట్‌ని ఎవడో హ్యాక్ చేశాడు" అన్నారు మంత్రిగారు, పాలిపోయిన ముఖంతో.

"సార్, అవన్నీ నిజం..."

"అందుకే ప్రమాదం. వాణ్ని పట్టే కమిటీకి అధ్యక్షుడివి నువ్వే."

అతడు భార్యను తలుచుకున్నాడు. పిల్లను తలుచుకున్నాడు. కుర్చీని మరికాస్త ఎక్కువసేపు తలుచుకున్నాడు. చీఫ్ హోదాలో నీళ్ల ఇంజనీరుకు ఫోన్ చేసి, తమ వీధి పైపు ఒక్కటీ మార్పించుకుని, గడుల పేర్లు తీసేశాడు.

విలేకర్ల సమావేశంలో మంత్రిగారు విజయం ప్రకటించారు.

"హ్యాకర్ దొరికాడా సార్?" అడిగాడొక విలేకరి.

"దొరకలేదు. కానీ వాడెక్కడున్నా వింటుంటాడు. ఒరేయ్, మా కుర్రాడి ముందు నీ ఆటలు సాగవు."

హాలంతా చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ప్రోగ్రామరే.