హెల్ప్ డెస్క్ అల్లుడు

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రాజశేఖర్ ఏ మీటింగులోనూ చెయ్యెత్తి ఎరగడు. ఎత్తితే పని తగులుకుంటుందని అతని గట్టి నమ్మకం. అలాంటి మనిషి, కర్నూల్లో తాను కామర్స్ చెప్పే యూనివర్సిటీ మీటింగులో, "ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్‌లో పిల్లలకు సాయం చేసే పని ఎవరు చూస్తారు?" అని డైరెక్టరు అడగ్గానే చెయ్యెత్తాడు. తోటి లెక్చరర్లు అతన్ని తప్పు బస్సు ఎక్కుతున్న మనిషిని చూసినట్టు చూశారు.

డైరెక్టరు పేరు శ్రీనివాసులు. అందరూ ఆయన్ని సర్క్యులర్ శ్రీనివాసులు అంటారు. వరండాలో కుక్క పడుకుంటే దానికీ ఒక సర్క్యులర్ వేస్తాడు. రాజశేఖర్ చెయ్యి దించేలోపే సర్క్యులర్ తయారైంది. అందులో అతని సెల్ నంబరు, దాని కింద 'ఏ వేళనైనా సంప్రదించవచ్చు' అనే ముక్క ఉన్నాయి. ఆ ముక్క రాజశేఖర్ ఇచ్చింది కాదు.

ఇంతకీ ఎందుకు ఎత్తాడంటే, ఆ పనిలో ఉంటే వేసవి సెలవులుండవు. సెలవులు లేకపోతే రాజంపేట పోనక్కర్లేదు.

రాజంపేట పక్కన పల్లెలో అతని అత్తగారిల్లు. అక్కడ అతన్ని 'నీళ్ల అల్లుడు' అంటారు. పెళ్లయిన కొత్తలో మామ తిమ్మయ్య నిమ్మతోటలో బోరు వేయిద్దామనుకుంటే, కొబ్బరికాయతో నీళ్లు చూసే మనిషి సమయానికి రాలేదు. కాయను అరచేతిలో పడుకోబెట్టి నడిస్తే, నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని వాళ్ల లెక్క. కొత్త అల్లుడి చేతిలో కాయ పెట్టి నడవమన్నారు. గట్టు దగ్గర అతని కాలిని కండచీమ కుట్టింది. మనిషి ఎగిరాడు, కాయ లేచింది. అక్కడ బోరు వేస్తే నీళ్లు పొంగాయి. చీమ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి మెడలో పూలదండ పడింది. దండ పడ్డాక నిజం చెప్పడం ఎవరివల్ల అవుతుంది?

తర్వాత భార్య సాహితి చిన్నాన్న అతన్ని బద్వేలు దగ్గర తన పొలానికి తీసుకుపోయాడు. ఎండలో నడిచి నడిచి అరికాళ్లు కాలిపోతుంటే రాజశేఖర్ ఓపిక నశించి, ఒక చోట కాయను తానే బొటనవేలితో లేపాడు. అక్కడ బోరు వేస్తే తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ దుమ్ములో సున్నం కొట్టిన గోడలా నిలబడిన చిన్నాన్న ఒక్క మాట అనలేదు. ఊరికే చూశాడు. ఆ చూపు గుర్తొస్తే రాజశేఖర్‌కు ఇప్పటికీ ముద్ద దిగదు. మూడేళ్లుగా ఏదో ఒక సాకు చెప్పి అత్తవారి ఊరి ఛాయలకు పోవడం లేదు.

ఇప్పుడేమో మామ బోరు ఎండిపోయింది. నిమ్మచెట్లు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. కొత్త బోరు వేస్తున్నాం, అల్లుణ్ణి తోడుకొని రమ్మని అత్త సుబ్బలక్ష్మమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

"ఈసారి కూడా సెలవు లేదు సాహితీ," అని ముఖం వేలాడదీసుకుని భార్యకు చెప్పాడు రాజశేఖర్.

సాహితి స్కూలు టీచరు. కడుపునొప్పి అని చెప్పి బడి ఎగ్గొట్టే పిల్లల్ని రోజూ చూస్తూనే ఉంటుంది.

"ఎవరు ఇయ్యనంటాండారు?"

"డైరెక్టరు. పిల్లలకు ఆన్‌లైన్ కోర్సు నేర్పించేదానికి నన్నే పెట్టినాడు. నేను లేకుంటే పోర్టల్ నడవదంట."

"మనింట్లో టీవీ రిమోట్‌కు బ్యాటరీ మార్చేది నేను. పోర్టల్ మీరు నడిపిస్తారా?"

"అది వేరు, ఇది వేరు."

"ఆడ తోట ఎండిపోతాండాది. నాయన చెట్ల కిందనే కూర్చుంటాండాడంట. అమ్మ సరిగా అన్నం కూడా తింటల్యా."

"నాకు మాత్రం బాధ లేదా? డ్యూటీ గదా."

"అట్లనా," అంది సాహితి.

సాహితి అరిస్తే భయపడాల్సిన పని లేదు. 'అట్లనా' అని ఊరుకుంటేనే భయపడాలి. గెలిచానన్న ఉత్సాహంలో రాజశేఖర్‌కు ఆ సంగతి తట్టలేదు.

మర్నాడు పొద్దున ముఖానికి సబ్బు రాసుకుంటుండగా మొదటి ఫోన్ వచ్చింది.

"సార్, నా పేరు ఉరుకుందు. బీకాం సెకండియర్. పోర్టల్ లోపలికి పోవల్లంటే ఓటీపీ అడుగుతాండాది సార్."

"నీ ఫోన్‌కు వచ్చింటాది, చూడు."

"నాది కాదు సార్, మా నాయన నంబరు ఇచ్చినా. నాయన చేన్లో ఉంటాడు. నేను ఉరుక్కుంటా పోయి చూసేలోపల దాని టైం అయిపోతాది."

"నాయన ఫోన్ నీ దగ్గర పెట్టుకో."

"ఇయ్యడు సార్. పాటలు ఇనకుంటే ఆయన పని సాగదు."

"అట్లయితే నువ్వే చేన్లో కూర్చోని కోర్సు చెయ్యి."

"ఆడ సిగ్నల్ లేదు సార్. మిద్దె మీదనే వస్తాది."

"నాయన్నే మిద్దె మీదకు పిలవప్పా."

"మరి చేనెవరు చూస్తారు సార్?"

రాజశేఖర్ కళ్లల్లో సబ్బు దిగింది. ఆ పిల్లవాడి ప్రతి మాటా సబబే. కలిపి చూస్తే మాత్రం గోడకు తల బాదుకోవాలనిపిస్తుంది.

అది ఆరంభం మాత్రమే. ఒక కాలేజీలో క్లాసంతా కలిసి ఒకే మెయిల్‌తో చేరారు. ఎందుకురా అంటే, మేమంతా ఒకటే సార్ అన్నారు. ఆ ఒక్క ఖాతాలో ఒకడు పరీక్ష రాస్తే అందరూ పాసైనట్టు సంబరపడ్డారు. ఇంకొకడు రాస్తే అందరూ ఫెయిలయ్యారు. వాళ్ల ఐకమత్యం విడగొట్టేసరికి రాజశేఖర్ గొంతు పోయింది. ఇంకో అమ్మాయి పాఠం వీడియోను రెట్టింపు వేగంతో ఆడించి, సారు మాటలు అర్థం కావడం లేదని ఫిర్యాదు చేసింది.

భోజనం దగ్గర కూర్చుంటే ఫోన్. బండి ఎక్కితే ఫోన్. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "ఇంకొంచెం పాస్‌వర్డ్ వెయ్యి," అన్నాడు.

"రీసెట్ చేసి వేస్తాండా, తినండి," అని సాహితి పప్పు వడ్డించింది. "ఈ పాటికి రాజంపేటలో మామిడిపండ్లు తింటా కూర్చోనింటారు."

"డ్యూటీ గదా," అన్నాడు రాజశేఖర్, బొంగురు గొంతుతో.

ఈ మధ్యలో శ్రీనివాసులు పిలిచి, పోర్టల్‌లో ఇంకేం మార్పులు చేయాలో చెప్పమన్నాడు. రైతులకూ గృహిణులకూ కూడా కోర్సులు పెట్టారట, చేరేవాళ్లు కావాలట. తన అవసరం యూనివర్సిటీకి ఎంతో ఉందని సాహితికి రుజువు చేయాలన్న ఊపులో రాజశేఖర్, "ఫోన్లో చెప్తే అర్థం కాని వాళ్ల ఇంటికే పోయి నేర్పిస్తే బాగుంటాది సార్," అనేశాడు. ఎవరూ అడగరని అతని ధైర్యం. సాయంత్రానికి సర్క్యులర్ పడింది. పోర్టల్‌లో 'ఇంటి దగ్గర సాయం' అనే బటన్ వెలిసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సర్క్యులర్‌ను భార్యకు గర్వంగా చదివి వినిపించాడు కూడా.

"ఎవరు నొక్కినా పోతారా?" అని అడిగింది సాహితి.

"ఎవరు నొక్కినా. జిల్లా ఏదైనా సరే."

"అట్లనా," అంది సాహితి.

వారం తిరక్కముందే ఒక ఫోన్ వచ్చింది.

"నమస్కారం సార్. నా పేరు తిమ్మయ్య. 'బోరు వేసే ముందు' అనే కోర్సులో చేరినా."

రాజశేఖర్‌కు కాఫీ గొంతులో అడ్డం పడింది. "మామా, నేను రాజశేఖర్‌ని."

"తెలుసు సార్. కోర్సు విషయంలో సార్ అనల్ల గదా. ఇంటి విషయంలో అల్లుడే."

"మీకెందుకు మామా ఈ తిప్పలు?"

"సాహితి చేర్పించె. పాఠాలన్నీ ఇన్యా. ఆఖర్న తోట ఫోటో ఎక్కించల్లంట. ఫోటో తీద్దామంటే నా మొగమే కనపడతాండాది సార్."

"కెమెరా తిప్పండి."

"తిప్పినా. ఇప్పుడు తలకిందులుగా కనపడతాండా."

"ఫోన్ కాదు మామా, కెమెరా."

"ఫోన్ లోపల ఉండే కెమెరాను నేనెట్ల తిప్పేది సార్?"

రాజశేఖర్ గంటసేపు చెప్పాడు. చివరికి తిమ్మయ్య చెవి ఫోటో ఒకటి పోర్టల్‌లో ఎక్కింది.

ఫోన్ పెట్టేసిన కాసేపటికే శ్రీనివాసులు నుంచి పిలుపు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "రాజశేఖర్ గారూ, మన బటన్‌ను మొదటిసారి ఒక రైతు నొక్కినాడు. రాజంపేట దగ్గరంట. రేపే బయల్దేరండి. ఆన్ డ్యూటీ ఇస్తాండా."

"సార్, ఈడ పిల్లల ఫోన్లు..."

"ఫోన్ మీ జేబులోనే గదప్పా ఉండేది. ఆయన పూర్తి చేస్తే మన పోర్టల్‌లో కోర్సు ముగించిన మొదటి రైతు అవుతాడు. తోట ఫోటోలు తీసుకొని రండి."

ఇంటికి వచ్చేసరికి సాహితి రెండు బ్యాగులు సర్ది గుమ్మంలో పెట్టింది.

దారి పొడవునా రాజశేఖర్ కళ్ల ముందు కొబ్బరికాయే. మళ్లీ దుమ్ము లేస్తే? ఈసారి మామ చూస్తాడు ఆ చూపు. కడప బస్టాండులో నీళ్ల బాటిల్ తెస్తానని దిగిన మనిషి, కుడిచేతికి బ్యాండేజీ చుట్టుకుని తిరిగొచ్చాడు.

"ఏమైంది?" అంది సాహితి.

"బస్సు డోరు తగిలింది."

"మన బస్సు డోరు కాడ నేనే నిలబడుకోనుంటిని."

"వేరే బస్సు."

అత్తగారింట్లో ఆ చేతిని చూసి సుబ్బలక్ష్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అల్లుడు వస్తున్నాడని రాగిసంగటి, నాటుకోడి కూర చేసింది. రాజశేఖర్ ఎడమచేత్తో స్పూను పట్టుకుని సంగటి ముద్దతో కుస్తీ పట్టాడు. ముద్ద గెలిచింది. తిన్నాక అత్త చింతాకు ఉడకబెట్టి తెచ్చి చేతికి కట్టింది. ఆ వేడికి అతనికి చుక్కలు కనపడ్డాయి.

"శానా నొప్పిగా ఉండాదేమో పాపం," అని ఆమె ఇంకో పిడికెడు ఆకు పెట్టి బిగించింది. సాహితి గోడకు ఆనుకుని, తలుపు కేసి చూస్తూ నిలబడింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తెల్లారి తోటకు పోతే బోరు లారీ సిద్ధంగా ఉంది. సుబ్బలక్ష్మమ్మ బుట్టలోంచి కొబ్బరికాయ తీసింది. రాజశేఖర్ ముందు జాగ్రత్తగా కట్టు చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. తిమ్మయ్య కాయను అందుకుని, కర్పూరం తిప్పి, రాయి మీద ఠప్పున కొట్టాడు.

"మామా, కాయ పగలగొట్టినారే. బోరు పాయింటు చూడొద్దా?"

"పాయింటు పెట్టి మూడు దినాలాయె. మిషన్ పెట్టి సర్వే చేసే ఆయన వచ్చి పోయినాడు. టెంకాయతో నీళ్లు కనుక్కునేది వట్టి మాటని మీ కోర్సులోనే చెప్పిరి గదప్పా. మూడో పాఠం. నువ్వు సూడల్యా?"

రాజశేఖర్ ఎందరినో ఆ పోర్టల్ గుమ్మం దాటించాడు గానీ, తాను ఒక్క పాఠమూ విన్న పాపాన పోలేదు.

"మరి నన్నెందుకు రమ్మన్యారు?"

"అల్లునివని రమ్మన్యాం నాయనా," అంది సుబ్బలక్ష్మమ్మ. "బద్వేల్లో నీళ్లు పడలేదని మా మరిది ఏమన్నా అన్యాడేమో, నువ్వు అలిగినావేమో అని మూడేండ్ల నుంచి నాకు మనసులో మనసు లేదు. ఇంట్లో ఏం వండినా నువ్వే గుర్తొస్తావు."

రాజశేఖర్ ఎత్తి పట్టుకున్న కట్టు చేతిని మెల్లగా దించాడు. తన అరచేయి కోసం పిలుస్తున్నారని ఇన్నాళ్లూ దాక్కున్నాడు. వాళ్లు పిలిచింది తనను. సిగ్గుతో అత్త ముఖంలోకి చూడలేకపోయాడు.

తిమ్మయ్య మాత్రం, "ఈసారి నీళ్లు పడకుంటే తప్పు మీ యూనివర్సిటీదే," అని లారీ వాళ్లకు చెయ్యి ఊపాడు.

బోరు దిగడం మొదలైంది. దుమ్ము, దుమ్ము, ఇంకా దుమ్ము. తిమ్మయ్య ఒక చెట్టు మొదలు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. సుబ్బలక్ష్మమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. వాడిన ఆకుల్ని చూస్తుంటే రాజశేఖర్‌కు తన మీద పడే నింద సంగతే గుర్తు రాలేదు. ఈ ముసలాయన తోట బతికితే చాలనుకున్నాడు. ఎండ నెత్తిమీదకొచ్చాక దుమ్ము రంగు మారింది. తడి తగిలింది. బురద ఎగిరింది. ఆ వెనకే నీళ్లు ఒక్కసారిగా పైకి లేచి అందరి మీదా పడ్డాయి.

రాజశేఖర్ చిన్నపిల్లాడిలా గెంతుతూ రెండు చేతులతోనూ చప్పట్లు కొట్టాడు. బ్యాండేజీ ఊడి బురదలో పడింది.

"చింతాకు ఎంత బాగ పనిచేసిందో సూడు," అంది అత్త మురిసిపోతూ.

సాహితి ఆ గుడ్డను తీసి, పిండి, మడిచి అతని చేతిలో పెట్టింది. "తగిలిన బస్సు డోరుకు కట్టండి పోయి."

మధ్యాహ్నం స్పూను లేకుండా కడుపునిండా తిన్న రాజశేఖర్, "ఇంకో నాలుగు దినాలుండి పోతా అత్తా," అన్నాడు.

"సెలవు?" అంది సాహితి.

"అడిగితే ఎందుకియ్యడు? శ్రీనివాసులు సార్ మంచి మనిషి. ఎప్పుడడిగినా ఇస్తాడు."

మాట నోరు దాటాక అతనికి అర్థమైంది. తిమ్మయ్య మజ్జిగ గ్లాసు ఎత్తి దాని చాటున ముఖం దాచుకున్నాడు.

"ఎప్పుడడిగినా ఇస్తాడా?" అంది సాహితి నెమ్మదిగా. "అయితే ఇప్పుడడగండి. స్పీకర్ పెట్టి అడగండి, అందరం ఇంటాం."

ఫోన్ అవతల శ్రీనివాసులు గట్టిగా నవ్వాడు. "సెలవా? భలే వాళ్లప్పా మీరు. హెల్ప్ డెస్క్‌లో ఉండేదే మీరొక్కరు. రేపు పొద్దున్నే రండి, కోర్సు ఆఖరయ్యేదాకా మీకు సెలవనే మాటే లేదు. సర్క్యులర్ కూడా వేస్తాండా."

సాహితికి బడి సెలవులు, ఆమె పుట్టింట్లో ఉండిపోయింది. రాజశేఖర్ ఒక్కడే సాయంత్రం బస్సుకు బయల్దేరాడు. అందరూ రోడ్డు దాకా వచ్చారు.

"మళ్లీ ఎప్పుడొస్తావు నాయనా?" అని సుబ్బలక్ష్మమ్మ అడిగింది.

రాజశేఖర్ ఒకసారి సాహితి వైపు చూసి, అత్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "మీ వీధిలో ఇంకెవరన్నా కోర్సులో చేరతారేమో కనుక్కోండి అత్తా."