చందా బదులు ఎదురు

ఆ పొద్దున సీతారావమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే మిరపకాయలకు తొడిమలు తీసి చాప మీద ఆరబోయాలి. గుప్పెడు కాయలు తీసిందో లేదో, వాకిట్లో సుబ్బారావు దగ్గాడు.

సుబ్బారావుకు నరసరావుపేట బజారులో బట్టల కొట్టు ఉంది. ఆ ఏడాది వానలు లేక పల్నాటి ఊళ్ల జనం కూలి కోసం రైళ్లెక్కి పోతుంటే, దారిలో చిక్కుపడ్డవాళ్లను ఆదుకోవడానికని ఆయన ప్రయాణికుల సహాయ సంఘం పెట్టాడు. ఆ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే, కార్యదర్శీ ఆయనే. డబ్బు సంచి కూడా ఆయన భుజానే వేలాడేది.

"సీతారావమ్మక్కా, నీ పేరున ఒక రూపాయి రాసుకుంటున్నా."

"పేరు రాసుకో అబ్బాయ్, పేరుకేముంది! రూపాయి మాత్రం లేదు."

"ఏంది, నా మీద నమ్మకం లేదా?"

"చానా ఉంది. వరదలప్పుడు గంజి కాయాలని మా ఇత్తడి గుండిగ పట్టుకపోయావు గదా. మొన్న మీ అమ్మాయి పెళ్లిలో దాంట్లోంచే పులిహోర వడ్డించారు. గుండిగ మీదున్న నా పేరు చదువుకుంటా తిన్నా. పులిహోర బాగుంది."

సుబ్బారావు మళ్లీ దగ్గాడు.

"డబ్బు మాత్రం అడగబాక," అంది సీతారావమ్మ. "ఒంటితో చేసే పనేదన్నా చెప్పు, చేస్తా."

"ఒంటితోనా? అయితే రోజూ పొద్దున్నే నిండు బిందె పట్టుకొని పో. ఊరొదిలి పొయ్యేవాళ్లకి ఎదురు రా. దమ్మిడీ ఖర్చు లేదు. అదే నీ చందా!" అని వెటకారంగా అనేసి సుబ్బారావు పక్కింటికి వెళ్లాడు.

ఆ వెటకారం సీతారావమ్మకు అందలేదు. ఎదురు రావడమంటే ఆమెకు ఆటలు కాదు. ఆమె తమ్ముడు రంగూను బయలుదేరిన రోజు గడప దాటగానే ఎవరో ఖాళీ బిందెతో ఎదురొచ్చారు. రంగూను మీద బాంబులు పడ్డాక అతని కబురే లేదు. ఆ బిందె వల్లే అలా జరిగిందని ఆమె గట్టిగా నమ్మింది. అది నమ్మకపోతే, తమ్ముడు ఎందుకు రాలేదని ఎవర్ని అడగాలో ఆమెకు తెలియదు.

మర్నాడే ఆమె నుదుట కాసంత బొట్టు పెట్టుకుని, నిండు బిందె చంకన పెట్టుకుని స్టేషను దారి పట్టింది. మూటలు నెత్తిన పెట్టుకుని వస్తున్న కూలీలకు స్టేషను వైపు నుంచి నవ్వుతూ ఎదురు నడిచింది. వాళ్లలో ఒక ముసలామె ఆగి, బిందెను తాకి ఆ చేతిని కళ్లకద్దుకుంది. సీతారావమ్మకు ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

తిరిగి వస్తుంటే దారిలో అలీ సాహెబ్ బస్సు తగిలింది. పెట్రోలు కరువు రోజులవి. మాచర్ల వెళ్లే ఆ బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టుకుని నడిచేది. నడిచేది అనడం మర్యాద కోసమే. ఆ పొద్దున ఎంత తిప్పినా అది కదల్లేదు. సరిగ్గా సీతారావమ్మ ఎదురొచ్చేసరికి రెండుసార్లు తుమ్మి, పొగ కక్కి బయలుదేరింది.

"చెల్లెమ్మా, రేపు కూడా రా!" అని అలీ సాహెబ్ కిటికీలోంచి అరిచాడు. "ఈ శకునాల మీద నాకు నమ్మకం లేదు. బస్సుకుంది."

ఆ మాట బజారంతా పాకింది. పొలం గట్టు తగాదాలో కోర్టుకు పోతున్న చిన్నకోటయ్య వచ్చి అడిగితే అతనికి ఎదురు వెళ్లింది. ఆ సంగతి తెలిసి అవతలి పార్టీ వాళ్లూ వచ్చారు. దానమన్నాక మనవాళ్లు, పరవాళ్లు అని చూడకూడదని సీతారావమ్మ వాళ్లకూ ఇంకో సందులో ఎదురు వెళ్లింది. కోర్టులో ఇద్దరికీ వాయిదా పడింది. ఇద్దరూ తామే గెలిచినట్టు బెల్లం పంచారు.

అక్కడి నుంచి సుబ్బారావుకు కష్టాలు మొదలయ్యాయి. చందా అడిగితే ప్రతివాడూ "నేనూ సీతారావమ్మలాగా ఒంటితోనే చేస్తా" అనసాగాడు. ఒకాయన సంఘం చల్లగా ఉండాలని రోజూ మనసులో అనుకుంటానన్నాడు. ఇంకొకాయన సంఘం ఆఫీసు కుర్చీలో కూర్చోవడం తన వంతన్నాడు, మధ్యాహ్నాలు వచ్చి కూర్చున్నాడు కూడా.

ఇంట్లో అంజయ్య గొణుగుడు వేరు. అంజయ్య సీతారావమ్మ భర్త, రాతిపని మేస్త్రి. ఎండాకాలం నుంచీ పని లేక ఆయన ఉలి మూలన పడి ఉంది.

"ఏమే, ఊరందరికీ ఎదురొస్తావు. నాకు ఎదురు మాట తప్ప ఇంకేం వచ్చింది?" అన్నాడు చల్లారిన సంగటి కలుపుకుంటూ.

"నువ్వు యాడికన్నా పోతే గదా ఎదురొచ్చేది!"

ఆయన వెళ్లే రోజు రానే వచ్చింది. వినుకొండలో రైలు వంతెనకు రాతికట్టడం చేయిస్తున్న కంట్రాక్టరు మీరా సాహెబ్ నుంచి కబురు వచ్చింది. శుక్రవారం పొద్దుటి బండికి వస్తే మేస్త్రి పని అంజయ్యదే, రాకపోతే బెల్లంకొండ మేస్త్రి సిద్ధంగా ఉన్నాడు. ఇంట్లో గింజలు అడుగంటాయి. డబ్బా బోర్లిస్తే ఒక్క టిక్కెట్టుకు సరిపడా చిల్లర రాలింది. ఈ పని పోతే వాళ్లిద్దరూ కూడా ఆ కూలీల వెనకాల మూట నెత్తిన పెట్టుకోవలసిందే.

శుక్రవారం తెల్లవారగానే సీతారావమ్మ మొగుడికి మరీ మరీ చెప్పింది. "నేను నీళ్లు తెచ్చుకొని సందు చివర కనపడేదాకా గడప దాటబాక. ఇయ్యాళ ఎదురంతా నీకే."

బిందె నింపుకుని వస్తుంటే అలీ సాహెబ్ బస్సు అడ్డంగా నిలబడి ఉంది. లోపలి జనం "అమ్మా, ఒక్కసారి ఇటు నడిచి పోమ్మా" అని బతిమాలారు. సరేనని నడిచింది. బస్సు కదల్లేదు. క్లీనరు దిగి వచ్చి ఆమె చేతిలో బిందె అందుకుని, "బస్సుకి ఎదురు గాదమ్మా కావాల్సింది, నీళ్లు!" అని బిందెడు నీళ్లూ ఇంజనులో పోసి, ఖాళీ బిందె ఆమె చంకలో పెట్టాడు. బస్సు వెళ్లిపోయింది.

నడి బజారులో ఖాళీ బిందెతో సీతారావమ్మ! కోర్టుకు వెళుతున్న చిన్నకోటయ్య ఆమెను చూసి "బాబోయ్!" అంటూ వెనక్కి పరిగెత్తాడు. పాలవాడు సందులోకి దూకాడు. సంతకు బయలుదేరిన బండి ఎడ్లతో సహా వెనక్కి తిరిగింది. బజారంతా ఇళ్లలోకి దూరి కాళ్లు కడుక్కుంది. సీతారావమ్మ బిందెను కొంగుతో కప్పుకుని, దగ్గరలో నీళ్లెక్కడా అని చూస్తే రైలు స్టేషను కుళాయి గుర్తొచ్చింది. అటు పరుగు తీసింది.

ఇంటి దగ్గర అంజయ్య గడప లోపల చెప్పులు వేసుకుని నిలబడే ఉన్నాడు. రైలు దూరంగా కూత వేసింది. ఇంక లాభం లేదని గడప దాటాడు. ఎదురుగా సుబ్బారావు, ఒంటరిగా, సంచితో.

"అంజయ్యా, మీ ఆవిడ వల్ల సంఘం..."

ఒంటి మనిషి ఎదురొచ్చాడని అంజయ్య లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాడు. సుబ్బారావు అక్కడే ఉన్నాడు.

"నీకు పుణ్యముంటుంది, పక్కకి పో అబ్బాయ్!"

"ఒక్క మాట విను..."

అంజయ్య మళ్లీ లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.

స్టేషనులో సీతారావమ్మ బిందె నింపుకునేసరికి బండి వచ్చి ఆగింది. ప్లాట్‌ఫారం మీద మొగుడు లేడు. తనకోసం చూసి చూసి ఎక్కేసి ఉంటాడనుకుంది. పెట్టెలో కూర్చున్నవాడికి ఎదురు రావడం ఎలా? ఇంజను వైపు తలుపులోంచి ఎక్కి, పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే సరి. ఎక్కింది. నడిచింది. మూటలు, కాళ్లు, కోడిపుంజులు అన్నీ దాటింది గానీ అంజయ్య కనిపించలేదు. బండి కదిలింది.

అప్పుడే టిక్కెట్టు చేత్తో పట్టుకుని అంజయ్య ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చాడు. కిటికీలో పెళ్లాన్ని చూశాడు.

"ఏమే! నువ్వెందుకెక్కావే! దిగు!"

"నువ్వెక్కవయ్యా!"

ఇద్దరిలో ఎవరూ చెప్పిన మాట వినలేకపోయారు. సీతారావమ్మ ఇన్నాళ్లూ వెళ్లేవాళ్లనే చూసింది. వెళ్లేవాళ్ల కళ్లకు ఉండిపోయినవాళ్లు ఎంత తొందరగా చిన్నవాళ్లయిపోతారో ఆమెకు ఆ కిటికీలోనే తెలిసింది.

కాసేపటికి టీసీ వచ్చాడు.

"టిక్కెట్టు?"

"నేను ప్రయాణం చెయ్యట్లేదు నాయనా. ఎదురొస్తున్నా."

"రైల్లోనా! ఎవరికి?"

"మా ఆయనకి."

"ఆయన యాడున్నాడు?"

"నరసరావుపేటలో."

టీసీ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "ఈ పని ఎవరు పెట్టారమ్మా నీకు?"

"సుబ్బారావు సంఘం," అంది ఆమె నిజాయితీగా.

వినుకొండలో ఆమెను దింపి బెంచీ మీద కూర్చోబెట్టారు. చార్జీ, దాని మీద జరిమానా కడితే గాని కదలనివ్వమన్నారు. స్టేషను మాస్టరు నరసరావుపేటకు తంతి కొట్టించాడు. టిక్కెట్టు లేని స్త్రీ పట్టుబడింది, చేతిలో బిందె ఉంది, సంఘం పేరు చెబుతోంది అని అందులో ఉంది. తంతి స్టేషను దాటి బజారుకు చేరేసరికి, సంఘం డబ్బంతా బిందెలో పోసుకుని సీతారావమ్మ రైలెక్కిందని అయింది. ఒక్క దమ్మిడీ ఇవ్వనివాళ్లే ముందుగా వచ్చి "మా డబ్బేదిరా సుబ్బారావూ!" అని కొట్టు ముందు అరిచారు. సంచి విప్పి చూపించమన్నారు. సంచి విప్పడం కన్నా వినుకొండ వెళ్లడమే సుఖమని సుబ్బారావుకు తోచింది. అంజయ్యను రెక్క పట్టుకుని మధ్యాహ్నం బండి ఎక్కాడు.

ఈలోగా వినుకొండ స్టేషనుకు కంట్రాక్టరు మీరా సాహెబ్ వచ్చాడు. పొద్దుటి బండికి రావలసిన మేస్త్రి రాలేదు. బెంచీ మీద బిందెతో ఒకావిడ మాత్రం ఉంది.

"అంజయ్య మేస్త్రి ఏడమ్మా?"

"వస్తాడయ్యా. ఆయన పెళ్లాన్నే, ముందొచ్చా."

"ఎందుకు?"

"ఎదురు రావద్దూ?"

మీరా సాహెబ్ గడ్డం సవరించుకున్నాడు. "ఎదురు రావటానికి ఊరు దాటి ఊరొచ్చి కూర్చున్న మనిషిని ఇప్పుడే చూట్టం. మధ్యాహ్నం బండి దాకా చూస్తా. దానికీ రాకపోతే బెల్లంకొండ వాణ్ణి పిలుస్తా."

"అట్టాగే బాబూ. ఈలోగా ఆ జరిమానా కాస్త మీరు కట్టారంటే, ఆయన రాగానే..."

"డబ్బు సంగతి నన్నడగొద్దు తల్లీ. రాగానే ఇస్తామన్నోళ్లు చానామంది ఉన్నారు. కావాలంటే బండొచ్చేదాకా తోడు కూర్చుంటా."

సీతారావమ్మకు ఆయన మీద గౌరవం కలిగింది. ఇరుక్కున్నది తాను కాకపోతే ఇంకొంచెం కలిగేది.

మధ్యాహ్నం బండి కనిపించగానే ఆమె నిండు బిందెతో లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు టీసీ.

"అట్టా అడక్కూడదు నాయనా, అశుభం," అని ప్లాట్‌ఫారం చివరి దాకా వెళ్లి, తిరిగి నడిచి వచ్చింది. అంజయ్య పెట్టెలోంచి దూకాడు. నిండు బిందె, నుదుట బొట్టు, నవ్వే పెళ్లాం, శకునానికి ఏ లోటూ లేదు. అంజయ్య ఆ బిందె లాక్కుని, సగం తాగి, సగం నెత్తిన పోసుకుని, "చంపేసిందే ఎండ!" అంటూ ఖాళీది ఆమె చేతికిచ్చాడు.

సీతారావమ్మ బిందె వైపు చూసింది, మీరా సాహెబ్ వైపు చూసింది.

"మేస్త్రీ, స్నానం అయితే పద, రాళ్లు చూద్దాం," అన్నాడు మీరా సాహెబ్.

ఖాళీ బిందె ఆమె చేతిలో ఉంది, పని దొరికింది, మనిషి ఎదురుగా తడిసి నిలబడి ఉన్నాడు. రైలు దిగి తన దగ్గరికి వచ్చిన మనిషిని చూడటం ఆమెకు అలవాటు లేదు. అందుకే కొంగుతో ఆయన తల తుడుస్తున్నట్టు తన కళ్లు కూడా తుడుచుకుంది.

"ఇంక జరిమానా," అన్నాడు టీసీ.

సుబ్బారావు సంచి విప్పాడు. "దారిలో చిక్కుపడ్డవాళ్లకేగా మన సంఘం!"

"నేను సంఘం డబ్బు ముట్టను."

"నువ్వెందుకు ముడతావక్కా, టీసీ ముడతాడు. నువ్వీ కాగితం మీద సంతకం పెట్టు, చాలు."

పెట్టకపోతే టీసీ కదలనివ్వడు, ఆమెను ఇక్కడ వదిలి అంజయ్య పనికి కదలడు. సీతారావమ్మ కాగితం తీసుకుని కూడబలుక్కుంటూ చదివింది. చార్జీ. జరిమానా. ఓదార్పు ఖర్చు.

"ఈ ఓదార్పేంది?"

"దారి పొడుగునా అంజయ్యను ఓదార్చుకుంటా వచ్చా గదక్కా."

"అది నువ్వు ఒంటితో చేశావు. కొట్టెయ్."

సుబ్బారావు కొట్టేశాడు. సీతారావమ్మ సంతకం పెట్టింది.

ఏడాది చివర సంఘం సభ జరిగింది. ఆ ఏడు పెట్టిన ఖర్చులన్నిటిలో రసీదు చూపించగలిగింది అదొక్కటే.